462 హోమ్ రన్లు కొట్టినవాడికి 0.237 యావరేజా? ఆడమ్ డన్ కెరీర్ ఎలా చదవాలి?

బెళ్ళందూరు_బౌన్సర్

మా ప్రాజెక్టులో సగం మంది సిన్సినాటీలో ఉంటారు. కాల్ మొదలవకముందు అయిదు నిమిషాలు అక్కడి బేస్‌బాల్ జట్టు రెడ్స్ కబుర్లే. వాళ్ళ పాత బ్యాటర్ ఆడమ్ డన్ పేరు వచ్చిందంటే ఒకాయన నెత్తిన పెట్టుకుంటాడు, ఇంకొకాయన తిట్టిపోస్తాడు. రికార్డు తీసి చూస్తే ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది. 2001 నుంచి 2014 దాకా 2,001 మ్యాచ్‌లు, 462 హోమ్ రన్లు (మన సిక్స్ లాంటివి). యావరేజ్ మాత్రం 0.237. స్ట్రైకౌట్లు (కొట్టాల్సిన బంతి తప్పినా వదిలినా స్ట్రైక్, మూడయితే ఔట్) 2,379.

నాకు తెలిసింది చిన్నస్వామి క్రికెట్టే, కాబట్టి నవ్వుకోకండి. నాలుగుసార్లు వస్తే మూడుసార్లు ఔటయ్యేవాడికి షికాగో జట్టు వైట్ సాక్స్ నాలుగేళ్ళకు 5.6 కోట్ల డాలర్లు ఎందుకిచ్చింది? డబ్బిచ్చిన మొదటి ఏడాదే, 2011లో, 0.159కి ఎలా జారిపోయాడు? అన్ని హోమ్ రన్లు కొట్టాక కూడా గొప్ప ఆటగాళ్ళను ఎంచి పెట్టే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఒక్కటంటే ఒక్క ఓటు ఎందుకొచ్చింది? గొప్పోడా దండగా అనే తీర్పులు వద్దు, ఏ అంకెను ఎలా చూడాలో చెప్పండి చాలు.

ఇంకోటి. టెన్నిస్ బాల్‌ని అవలీలగా ఆవతలికి పంపే మా కుర్రాళ్ళు బేస్‌బాల్ బ్యాట్ పట్టుకుంటే ఒక్కటీ తగలట్లేదు. లోపం ఎక్కడుంది?

లెక్కల_పంతులు

బౌన్సర్ గారూ, "నాలుగుసార్లు వస్తే మూడుసార్లు ఔట్" అనే దగ్గరే దారి తప్పారు. క్రికెట్‌లో యావరేజ్ అంటే ఒక్కో ఔటుకు ఎన్ని పరుగులు. ఇక్కడ యావరేజ్ అంటే ఎట్-బ్యాట్లలో (లెక్కలోకొచ్చే బ్యాటింగ్ ఛాన్సులు) హిట్లు (కొట్టి బేస్ చేరినవి) ఎన్ని, అంతే. పరుగుల ఊసే లేదు. ఒక్క బేస్ దక్కే సింగిల్‌కీ హోమ్ రన్‌కీ అందులో ఒకటే విలువ, వాక్‌కి అసలు చోటే లేదు.

డన్ ప్లేట్ దగ్గరికి వచ్చింది 8,328 సార్లు. అందులో ఎట్-బ్యాట్‌గా లెక్కకొచ్చేవి 6,883, హిట్లు 1,631. భాగిస్తే మీరు చూసిన 0.237. మరి మిగిలిన 1,445 సార్లు? 1,317 సార్లు నాలుగు బాల్స్ (జోన్ బయటి బంతులు) వదిలేసి వాక్ (ఊరికే మొదటి బేస్) తీసుకున్నాడు. 86 సార్లు బంతి ఒంటికి తగిలి బేస్ దక్కింది. ఇక మిగిలినవి శాక్రిఫైస్ (తాను ఔటై బేస్ మీదున్నవాడిని ముందుకు జరపడం) లాంటి చిల్లర. హిట్లు, వాక్‌లు, ఒంటికి తగిలినవి కలిపితే 3,034. దాన్ని 8,328తో భాగించండి, 0.364 వస్తుంది. దీన్నే ఆన్-బేస్ అంటారు. ఆ రోజుల్లో లీగ్ మొత్తం మీద ఇది 0.330 దగ్గర తిరుగుతుండేది. తేడా చిన్నదేమీ కాదు: ఏడాదికి 650 సార్లు బ్యాటింగ్‌కి వచ్చేవాడు మామూలు ఆటగాడికన్నా ఇరవై పైచిలుకు ఔట్లు తక్కువ అవుతున్నాడన్నమాట. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో జట్టు చేతిలో ఉండేవే 27 ఔట్లు.

రెండో అంకె స్లగ్గింగ్. హిట్లను విడదీస్తే 825 సింగిల్స్, 334 డబుల్స్, 10 ట్రిపుల్స్, 462 హోమ్ రన్లు. సింగిల్‌కి 1, డబుల్‌కి 2, ట్రిపుల్‌కి 3, హోమ్ రన్‌కి 4 వేసి కూడితే 3,371 బేస్‌లు. 6,883తో భాగిస్తే 0.490. ఇందులోంచి యావరేజ్‌ని తీసేస్తే 0.253 మిగులుతుంది. అది అచ్చంగా బలం. ఎవరి రికార్డయినా సరే, పవర్ హిట్టర్ అనగానే నేను మొదట చూసేది ఈ తీసివేతే. 0.200 దాటితే గట్టివాడు.

స్ట్రైకౌట్ల సంగతి. చూడ్డానికి అవమానంగా ఉంటుంది గానీ, స్కోరు దృష్టిలో మామూలు ఔటుకీ దానికీ తేడా చాలా స్వల్పం. మూడో బేస్ మీద మనిషి ఉండి ఇంకా రెండు ఔట్లు పడనప్పుడు స్ట్రైకౌట్ నష్టమే, ఎత్తి కొట్టిన క్యాచ్‌కైనా పరుగు వచ్చుండేది. కానీ మొదటి బేస్ మీద మనిషి ఉన్నప్పుడు నేలబారుగా దగ్గరి ఫీల్డర్ షార్ట్‌స్టాప్ చేతికి కొడితే ఇద్దరు ఔట్. స్ట్రైకౌట్‌తో పోయేది ఒక్కడే. ఇటు పోయింది అటు చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకో కూడిక చేసి చూడండి. హోమ్ రన్లు 462, వాక్‌లు 1,317, స్ట్రైకౌట్లు 2,379. మొత్తం 4,158. అంటే ప్లేట్ దగ్గరికి వచ్చిన వాటిలో 49.9 శాతం. సగంసార్లు మైదానంలో ఫీల్డర్లకు పనే లేదు, వ్యవహారమంతా పిచ్చర్ (మన బౌలర్), క్యాచర్ (మన కీపర్), డన్ మధ్యే తేలిపోయింది. అమెరికాలో ఈ మూడింటినీ కలిపి ఒక తరహా ఆటగాడిగా చెప్పుకోవడానికి పెద్ద ఉదాహరణ ఈయనే.

డబ్బు ఎందుకిచ్చారంటే 2004 నుంచి 2010 వరకు హోమ్ రన్లు చూడండి: 46, 40, 40, 40, 40, 38, 38. నాలుగేళ్ళు వరసగా సరిగ్గా నలభై! ఏడేళ్ళలో 282. పైగా గాయాలతో కూర్చునే మనిషి కాదు. 2010 డిసెంబరులో వైట్ సాక్స్ కొన్నది ఈ నిలకడని.

హిందూపురం_హిట్టర్

పంతులుగారు చెప్పింది కాగితం మీద లెక్క. అసలు ప్లేట్ దగ్గర ఏం జరుగుతాదో చెప్తా, బౌన్సరన్నా.

పిచ్చర్ నిలబడే రబ్బరు నుంచి ప్లేట్ 18.44 మీటర్లు. చేయి చాచి వదిలేసరికి ఇంకో మీటరున్నర తగ్గుతాది. గంటకు 153 కిలోమీటర్ల బంతి వచ్చేది 0.4 సెకన్లలో. స్వింగ్‌కే 0.15 సెకన్లు పోతాది. చూసి, ఏ బంతో పోల్చుకుని, కొట్టాల్నా వదలాల్నా తేల్చుకోడానికి మిగిలేది పావు సెకను. క్రికెట్‌లో మాదిరి టప్పా పడి లేచేది లేదు, గాల్లోనే తిరుగుతాది.

డన్ ఎత్తు 198 సెంటీమీటర్లు, ఎడమచేతి బ్యాటర్. ప్లేట్ వెడల్పు అందరికీ ఒకటే, 17 అంగుళాలు. స్ట్రైక్ జోన్ పొడవు మాత్రం మనిషిని బట్టి: మోకాలి చిప్ప కింద నుంచి, భుజానికీ నడుముకీ సగం దాకా. పొడుగోడికి జోన్ కూడా పొడుగే. చేతులు పొడుగు గాబట్టి బ్యాట్ తిరిగే దారీ పెద్దది. తగిలితే బంతి కనపడదు, కానీ తగలడానికి ఆలస్యమయితాది. లోపలికి, ఛాతీ ఎత్తులో వేసిన ఫాస్ట్‌బాల్ ఇట్లాంటోళ్ళకి విషం.

ఇంకో కారణముంది. ఈయన మొదటి రెండు మూడు బంతులు తొందరపడి ఆడడు. చూస్తాడు, వదుల్తాడు. కౌంట్ (బాల్స్, స్ట్రైకుల లెక్క) పొడుగయ్యేకొద్దీ వాక్ దగ్గర పడతాది, స్ట్రైకౌట్ కూడా దగ్గర పడతాది. రెండూ ఒకే అలవాటు నుంచి వచ్చినవే, ఒకటి కోసేసి ఇంకోటి ఉంచుకోడానికి లేదు. రెండు స్ట్రైకులయినాక చాలామంది బ్యాట్‌ని కాస్త పైకి పట్టుకుని స్వింగ్ కురచ చేస్తారు. డన్ అప్పుడు కూడా నిండుగానే తిప్పేది. 2004లో 195 స్ట్రైకౌట్లతో బాబీ బాండ్స్ 1970లో పెట్టిన 189 రికార్డు దాటింది ఇట్లనే. అదే ఏడాది 46 హోమ్ రన్లు, 108 వాక్‌లు, యావరేజ్ 0.266. ఆ ఆగస్టు 10న హోసే లీమా బంతిని సెంటర్ ఫీల్డ్ మీదుగా స్టేడియం బయటికి పంపినాడు. రెడ్స్ చెప్పిన దూరం 535 అడుగులు, అంటే 163 మీటర్లు. చిన్నస్వామిలో 70 మీటర్లు కూడా లేని వైపు సిక్స్ కొట్టి ఎగిరేవాళ్ళు ఒకసారి తల్చుకోవాల. అసలు సిన్సినాటీ మైదానంలో ఎడమా కుడీ మూలలకే 100 మీటర్లు, మధ్యలోకి 123.

యావరేజ్ పడడానికి ఇంకో చెయ్యి షిఫ్ట్‌ది. నేల మీద కొడితే నూటికి ఎక్కువపాళ్ళు కుడివైపే పోతాయని అందరికీ తెలుసు. సెకండ్ బేస్‌మన్‌ని కుడి ఔట్‌ఫీల్డ్ గడ్డిలోకి తోసి నిలబెట్టేవాళ్ళు. వేరేవాడికి సింగిల్ అయ్యేది ఈయనకి ఔట్. 2023 నుంచి ఆ ఆట కట్టించినారు: సెకండ్ బేస్‌కి చెరోపక్క ఇద్దరేసి, నలుగురూ ఇన్‌ఫీల్డ్ మట్టి మీదే ఉండాల. డన్‌కి తొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చిన రూల్.

2011 సంగతి: నేషనల్ లీగ్ నుంచి అమెరికన్ లీగ్‌కి మారినాడు, పిచ్చర్లు కొత్త. ఫీల్డింగ్ తీసేసి బ్యాటింగ్ ఒక్కటే చేసే డెజిగ్నేటెడ్ హిట్టర్‌గా డగౌట్‌లో కూర్చోబెట్టినారు. ఏప్రిల్ మొదట్లోనే అపెండిక్స్ ఆపరేషన్. ఎడమచేతి పిచ్చర్ల మీద 94 ఎట్-బ్యాట్లలో 6 హిట్లు, అంటే 0.064! కానీ ముందు ఏడాదే సూచన ఉంది. 2009లో 116 వాక్‌లు, 2010లో 77. స్ట్రైకౌట్లు 177 నుంచి 199. కన్ను మందగించిందని అప్పుడే తెలియాల్సింది.

లెక్కల_పంతులు

హిట్టర్ గారూ, మిగతాదంతా ఒప్పుకుంటా, చివరి మాట తప్ప. కన్ను మందగించి ఉంటే 2011లో వాక్‌లు ఇంకా పడాలి కదా? పడలేదు. 2010లో 648 సార్లకు 77, అంటే 12 శాతం. 2011లో 496 సార్లకు 75, అంటే 15 శాతం. పెరిగాయి. స్ట్రైకౌట్లు 31 శాతం నుంచి 36 శాతానికి పెరిగాయి, అది నష్టమే, కానీ 0.159ని మొత్తంగా వివరించేంత కాదు. కూలిపోయింది స్లగ్గింగ్‌లోంచి యావరేజ్ తీసేస్తే వచ్చే ఆ అంకె: 2010లో 0.276, 2011లో 0.118. 15 ఎట్-బ్యాట్లకు ఒక హోమ్ రన్ కొట్టేవాడు 38కి ఒకటి కొట్టాడు, ఏడాది మొత్తానికి 11. కాబట్టి ఏది వదలాలో తెలుసు, ఏది కొట్టాలో తెలుసు, కొట్టింది మాత్రం సరిగ్గా తగల్లేదు. టైమింగ్ పోయింది.

మరుసటి ఏడాది చూడండి. 41 హోమ్ రన్లు, 105 వాక్‌లు, ఆల్-స్టార్ జట్టులో చోటు. తీసివేత అంకె 0.264కి తిరిగొచ్చింది. కానీ యావరేజ్ 0.204, స్ట్రైకౌట్లు 222. మార్క్ రెనాల్డ్స్ 2009లో పెట్టిన 223 రికార్డుకు ఒక్కటి తక్కువ. బలం వెనక్కి వచ్చింది, సింగిల్స్ రాలేదు.

2011 గురించి ఒక తమాషా కూడా ఉంది. 0.159 రికార్డు పుస్తకంలో అత్యల్ప యావరేజ్‌గా ఎక్కలేదు. యావరేజ్ పట్టికలో పేరుండాలంటే ఏడాదికి 502 సార్లు బ్యాటింగ్‌కి రావాలి. డన్‌ది 496 దగ్గర ఆగింది. 2018లో క్రిస్ డేవిస్ 0.168తో ఆ మచ్చ తన నెత్తిన వేసుకున్నాడు.

బెళ్ళందూరు_బౌన్సర్

ఇద్దరికీ దండాలు. తీసివేత అంకె బాగా ఎక్కింది. అయితే ఇంత ఆన్-బేస్, ఇంత బలం ఉండి ఒక్క ఓటేనా? అది ఇంకా మింగుడు పడట్లేదు. కుర్రాళ్ళ ప్రశ్న కూడా మిగిలే ఉంది.

గల్లీ_కీపర్

ఇప్పటిదాకా అందరూ బ్యాట్ గురించే మాట్లాడారు. గ్లవ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడే ఉంది మీ జవాబు.

రెడ్స్‌లో ఎక్కువకాలం లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెట్టారు. అంత భారీ మనిషికి ముందుకు పరుగెత్తుకొచ్చి అందుకోవాల్సిన బంతులు, కంచె మూలకు పోయే బంతులు అందవు. మామూలు ఫీల్డర్ పట్టేది ఈయన దగ్గర డబుల్. ఆ డబుల్స్ డన్ ఖాతాలో ఎర్రర్‌గా కూడా పడవు, ఎందుకంటే మామూలు ప్రయత్నంతో అందే బంతిని వదిలితే కదా ఎర్రర్ రాసేది. వాషింగ్టన్ నేషనల్స్‌కి వెళ్ళాక 2010లో ఫస్ట్ బేస్‌కి మార్చారు, షికాగోలో గ్లవ్వే తీసేశారు. బ్యాటింగ్‌లో తెచ్చిన పరుగుల్లో మంచి భాగం ఫీల్డింగ్ మింగేసింది. అన్నీ కలిపి ఒకే అంకెలో చెప్పే వార్ ఉంది కదా, బేస్‌బాల్ రిఫరెన్స్ సైటు లెక్కలో డన్ మొత్తం కెరీర్‌కి అది 20 కూడా దాటదు. హాల్ ఆఫ్ ఫేమ్ చర్చ మొదలయ్యేదే సాధారణంగా 50, 60 దగ్గర.

పోలికకి జిమ్ థోమీని పక్కన పెట్టండి. ఆయనా ఎడమచేతి బ్యాటరే, ఆయనా 2,548 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు. కానీ హోమ్ రన్లు 612, యావరేజ్ 0.276, ఆన్-బేస్ 0.402. 2018లో మొదటి ప్రయత్నంలోనే లోపలికి వెళ్ళాడు. స్ట్రైకౌట్ల పట్టికలో మొదటి పేరు రెజీ జాక్సన్‌ది, 2,597. ఆయనా హాల్‌లోనే ఉన్నాడు. కాబట్టి "స్ట్రైకౌట్ల వల్ల రాలేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. అదే తరహా ఆట ఇంకాస్త మెట్టు పైన ఆడినవాళ్ళు వెళ్ళారు.

దానికితోడు పోస్ట్‌సీజన్‌లో (లీగ్ తర్వాతి నాకౌట్లు) ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2014లో ఓక్లాండ్‌కి మారి వైల్డ్ కార్డ్ అనే నాకౌట్ మ్యాచ్ దాకా వెళ్ళాడు. కాన్సస్ సిటీ చేతిలో 12 ఇన్నింగ్స్‌లో 9-8తో ఓడిన ఆ మ్యాచ్ మొత్తం బెంచీ మీద కూర్చునే చూశాడు, అదే ఆఖరు. 2020 ఓటింగ్‌లో 397 మంది రచయితలు ఓటు వేస్తే ఈయనకు ఒకటి. 5 శాతం రాకపోతే పేరు జాబితాలోంచే పోతుంది, పోయింది. నా అభిప్రాయం అడిగితే ఒక్క ఓటు మరీ పిసినారితనం, కానీ లోపలికి పోడానికి కావాల్సిన డెబ్బై అయిదు శాతం దాకా వెళ్ళే కేసు మాత్రం కాదు.

టీ_స్టాండ్

కుర్రాళ్ళ సంగతి నేను చెప్తాను.

క్రికెట్ బ్యాట్ ముఖం చదును, వెడల్పు 10.8 సెంటీమీటర్లు. బేస్‌బాల్ బ్యాట్ గుండ్రం, ఎంత లావున్నా 6.6 సెంటీమీటర్లు దాటకూడదు. బంతి వ్యాసమే 7.3 నుంచి 7.5. గుండ్రటిదాన్ని గుండ్రటిదానితో కొట్టడం కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే చాలు, హోమ్ రన్ కావాల్సింది తలమీద లేచి క్యాచరే పట్టుకునే బంతి అవుతుంది. టెన్నిస్ బాల్‌కి మనవాళ్ళు బ్యాట్‌ని కింది నుంచి పైకి ఊపుతారు, బంతి మోకాలి దగ్గరే ఉంటుంది గనక నడుస్తుంది. ఇక్కడ నడుము, ఛాతీ ఎత్తులో అడ్డంగా వచ్చే బంతికి అదే ఊపు ఊపితే బ్యాట్, బంతి దారులు ఒక్క క్షణమే కలుస్తాయి. అందుకే గాలికి తిరుగుతోంది.

కదిలే బంతి కొన్నాళ్ళు మానేయండి. నడుమెత్తు కర్ర మీద రబ్బరు గొట్టం బిగిస్తే అదే టీ. దాని మీద బంతి పెట్టి కొట్టించండి. మొదట పట్టు: హ్యాండిల్‌ని అరచేతి లోతులో కాకుండా వేళ్ళ మీద పట్టాలి, రెండు చేతుల మధ్య కణుపులు దాదాపు ఒక వరసలో ఉండాలి. క్రికెట్ పట్టుతో వస్తే మణికట్టు తిరగదు. తర్వాత నిలబడే చోటు. టీ పక్కన కాదు, ముందరి పాదానికి కాస్త ముందుగా టీ ఉండాలి. బంతిని శరీరం ముందు కలవాలి, పక్కన కాదు. బరువు వెనక కాలి మీదికి తీసుకుని, ముందు కాలు చిన్న అడుగు వేసి ఆనించాక నడుము తిరగాలి. చేతులు నడుము వెనకాలే వస్తాయి. మన కుర్రాళ్ళు చేతులు ముందు విసిరేస్తారు, బలమంతా అక్కడే పోతుంది.

పది బంతులు కొట్టి ఆపి చూసుకోండి. అన్నీ ఎదురుగా నెట్‌కి ఛాతీ ఎత్తులో తగులుతుంటే బాగున్నట్టు. పైకి లేస్తుంటే వెనక భుజం కింద పడుతోంది. టీ గొట్టానికి తగులుతుంటే తల ముందే లేస్తోంది, బంతిని చివరిదాకా చూడట్లేదు. నేలబారుగా పోతుంటే పై చెయ్యి మణికట్టు ముందే తిప్పేస్తున్నారు. ఎత్తి కొట్టడం ఇవన్నీ కుదిరాకే. హోమ్ రన్‌కి కావాల్సిన కోణం 25 నుంచి 30 డిగ్రీలు, కానీ బంతి గంటకు 158 కిలోమీటర్లకు తగ్గకుండా బ్యాట్‌ని వదలాలి. ఆ వేగం లేకుండా ఆ కోణం పట్టుకుంటే ఔట్‌ఫీల్డర్‌కి తేలిక క్యాచ్.

బ్యాట్ చెక్కదైతే లేబుల్ ఆకాశం వైపో నేల వైపో ఉండేలా పట్టుకోవాలి. లేబుల్ మీద బంతి తగిలితే నిట్టనిలువునా చీలుతుంది, డబ్బులు దండగ. 33 అంగుళాలది పెద్దవాళ్ళకు సరిపోతుంది, 34 పట్టుకుని ఫోటో దిగడం సులువు, తిప్పడం కష్టం. ఇంకోటి, అసలు బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు, లెదర్ క్రికెట్ బంతిలాగే తగిలితే పళ్ళు రాలతాయి. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ వైపు అద్దెకిచ్చే టర్ఫుల్లో స్పాంజి బంతులు మాత్రమే వాడండి. అక్కడి నెట్లు, లైట్లు గట్టి బంతికి ఆగవు.

బెళ్ళందూరు_బౌన్సర్

టీ కర్ర ఈ ఆదివారమే చేయిస్తా. ఒకటి అడిగి ముగిస్తా: ఇప్పుడు ఆడేవాళ్ళలో డన్ లాంటివాడు ఎవరు? లైవ్ చూడాలంటే మన టైమ్ ఎంత?

లెక్కల_పంతులు

కైల్ ష్వార్బర్, ఫిలడెల్ఫియా. 2023 ఏడాది తెరిచి చూడండి: యావరేజ్ 0.197, హోమ్ రన్లు 47, వాక్‌లు 126, స్ట్రైకౌట్లు 215. డన్ 2012 అంకెల పక్కన పెట్టి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. వేసవిలో అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7:10కి మొదలయ్యే మ్యాచ్ మనకు తెల్లవారి 4:40. పడమటి తీరానికి వెళ్ళినప్పుడు చూడండి, అదే 7:10 మనకు ఉదయం 7:40 అవుతుంది, ఔటర్ రింగ్ రోడ్డు జామ్‌లో క్యాబ్‌లో కూర్చుని సగం మ్యాచ్ అయిపోతుంది.

గల్లీ_కీపర్

చూసేటప్పుడు ఒకటి గమనించండి. ఆ 0.197 ఏడాది ఆయన్ని ఎక్కువగా మొట్టమొదటి బ్యాటర్‌గా దింపారు. డన్ కాలంలో అంత స్లో మనిషిని, అంత తక్కువ యావరేజ్‌తో, ముందు పంపితే మేనేజర్‌ని పేపర్లు ఉతికేసేవి. 2022 నుంచి నేషనల్ లీగ్‌లో కూడా డెజిగ్నేటెడ్ హిట్టర్ శాశ్వతంగా వచ్చింది కాబట్టి, ఇవాళ రెడ్స్‌లో ఉంటే డన్‌ని కూడా మొదటే దింపేవాళ్ళు. లెఫ్ట్ ఫీల్డ్‌కి మాత్రం చచ్చినా పంపేవాళ్ళు కాదు.